తేనె నీళ్ళ ఫ్లాస్కు

తన్మయి అనే పదేళ్ళ పిల్లని చూసి చాముండేశ్వరి అనే నలభై నాలుగేళ్ళ మనిషి కుళ్ళుకుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఎనిమిదేళ్ళుగా కన్నకూతుర్ని శనివారం శనివారం క్వేకర్స్ హిల్ నుంచి పెండిల్ హిల్‌కి సంగీతం క్లాసుకి తిప్పి, క్లాసయ్యేదాకా కారులో కూర్చుని చల్లారిన కాఫీ తాగి, ఇంటికొచ్చాక అదే కీర్తన పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ పాడించి, ఆఖరికి తెలుగు సంఘం వాళ్ళ సంగీతోత్సవంలో పిల్లకి ముప్పావుగంట కచేరీ సంపాదించుకున్నారనుకోండి. ఆ ముప్పావుగంటని ఎవడో ఐదు నిమిషాల ప్రార్థనగీతం చేసి పారేస్తే మీకు కడుపు మండదా? చాముండేశ్వరికి భగ్గున మండింది.

ఆ పని చేసింది సంఘం సెక్రటరీ శివప్రసాద్. ఫోన్ చేసి తీయతీయగా చెప్పాడు.

"అక్కా, విజయవాడ నుంచి తన్మయి వస్తోందక్కా. యూట్యూబ్‌లో చూశారుగా, చైల్డ్ ప్రాడిజీ! పెర్త్, అడిలైడ్, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, టూవూంబా అన్నీ ఫినిష్ చేసుకుని లాస్ట్ స్టాప్ మనదే. టూ అవర్స్ కాన్సర్ట్. సో మన గీతికది ప్రేయర్ సాంగ్‌కి షిఫ్ట్ చేశా. నెక్స్ట్ ఇయర్ పక్కా."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

"ఇంకోటక్కా. ఆ పిల్లా, వాళ్ళ డాడీ మీ ఇంట్లోనే ఉంటారు. మీది ప్యూర్ వెజ్, పైగా మీకు గొంతు సంగతులన్నీ తెలుసు. ఒకవేళ ఫ్లైట్ లేటయ్యో ఏదో అయ్యో ఆ అమ్మాయి పాడలేకపోతే గీతికే ఫుల్ కాన్సర్ట్ చేసేస్తుంది. బ్యాకప్ మనింట్లోనే ఉంటుంది కదా!"

కాదనడానికి వీల్లేదు. కాదంటే కుళ్ళు అంటారు. ఉన్నది కుళ్ళే కాబట్టి బొత్తిగా కాదనకూడదు. "అయ్యో, దానికేం భాగ్యం" అంది చాముండేశ్వరి. ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి. ఆ బ్యాకప్ అన్న మాట మాత్రం మనసులో ఒక మూల కూర్చుండిపోయింది. విమానాలు ఆలస్యం కావడం లోకంలో లేనిది కాదు కదా.

విమానం ఆలస్యం కాలేదు. ఇక్కడి ఆగస్టు చలిలో, గురువారం మధ్యాహ్నం, చెప్పిన వేళకి దిగారు. చాముండేశ్వరి భర్త భానుప్రసాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చాడు. కారు దిగిన పిల్లని చూసి, ఇదా, అనుకుంది చాముండేశ్వరి. వీడియోల్లో బూరెబుగ్గలతో ఉండే పిల్ల ఇక్కడ పుల్లలా ఉంది. ఊలు టోపీ కింద కళ్ళే కనిపిస్తున్నాయి. వెనకాల తండ్రి రామ్మోహన్, ఒక చేతిలో శ్రుతిపెట్టె, భుజానికి వేలాడుతూ స్టీలు ఫ్లాస్కు.

"నమస్కారం అక్కయ్యగారూ! ముందు మా అమ్మాయికి బాత్రూమెక్కడో చెప్పండి. టూవూంబా నుంచి బ్రిస్బేన్ వచ్చే రెండు గంటల్లో నాలుగుసార్లు కారాపించిందండీ. ఇక ఫ్లైట్లో అయితే సీట్లో కూర్చున్నదే లేదు. ఈ చలి మాకు పడలేదు" అన్నాడు నవ్వుతూ.

మనిషి చెడ్డవాడేం కాదు. బ్యాంకు ఉద్యోగానికి లాంగ్ లీవ్ పెట్టి కూతురి వెంట తిరుగుతున్నాడు. తల్లికి విజయవాడలో టీచరు ఉద్యోగం, సెలవు దొరకలేదట. ఆ ఫ్లాస్కులో తేనె కలిపిన గోరువెచ్చని నీళ్ళు. పిల్ల చెయ్యి చాపితే చాలు, మూత తీసి అందిస్తాడు. పాడేవాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే, గొంతుకి తేనె, పటికబెల్లం, మిరియాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఊరూరా ఆతిథ్యం ఇచ్చిన ఆంటీలు తలా ఒక తేనె సీసా చేతిలో పెట్టి పంపారట. పెర్త్ వాళ్ళది మంచిదా, మెల్‌బోర్న్ వాళ్ళది మంచిదా అని రామ్మోహన్ సూట్‌కేస్ తెరిచి చూపించాడు.

చాముండేశ్వరి ఊరుకుంటుందా? ఎవరో తేనె సీసాలిచ్చిన చోట తను తక్కువ చేసిందని రేపు శివప్రసాద్ చేత అనిపించుకుంటుందా? పెండిల్ హిల్ షాపుకి వెళ్ళి అతిమధురం, పటికబెల్లం కొనుక్కొచ్చి, మిరియాలు దంచి, అన్నీ వేసి మరిగించి, పైన ఇంత తేనె పోసి చిక్కటి కషాయం తయారుచేసింది. పిల్ల ఒక గ్లాసుడు గటగటా తాగేసి, "ఇంకొంచెం ఉందా ఆంటీ?" అంది. చాముండేశ్వరికి లోపల ఎంత మంటగా ఉన్నా, మెల్‌బోర్న్ వాళ్ళని ఓడించినందుకు కాస్త తృప్తి కలిగింది.

ఆ సాయంత్రం తన్మయి హాల్లో కూర్చుని సాధన చేసింది. కల్యాణి రాగం. చాముండేశ్వరి పెనం మీద దోసె వేసి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళికి ముందు తనూ ఆరేళ్ళు కాకినాడలో సంగీతం నేర్చుకుంది. తెలియనివాళ్ళయితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఆ పిల్ల పైషడ్జం మీద నిలబడి, ఊపిరి పీల్చినట్టు కూడా తెలియకుండా కిందికి దిగుతుంటే, గీతిక మూడేళ్ళుగా తడబడుతున్న చోటు అదేనని చాముండేశ్వరికి తెలుసు. దోసె మాడి కంపు కొట్టాక గానీ కదల్లేదు.

"మమ్, షి ఈజ్ అన్‌రియల్!" అంది గీతిక పరిగెత్తుకుంటూ వచ్చి. గీతికకి పదమూడేళ్ళు. కళ్ళు మెరిసిపోతున్నాయి. "ఐ కుడ్ నెవర్ డూ దట్. డిడ్ యు హియర్?"

"విన్నాను. నీకేం తక్కువ? నోరు మూసుకుని వెళ్ళి ప్లేట్లు పెట్టు" అంది చాముండేశ్వరి.

అసలు బాధ అది కూడా. కూతురికి రోషం లేదు. తల్లి ఒక్కతే ఇద్దరి తరఫునా ఏడవాల్సి వస్తోంది.

శుక్రవారం పొద్దున ఆమెకి ఒక వరం దొరికింది. లాండ్రీ గదిలో, వాషింగ్ మెషిన్ వెనక, ఉండలా చుట్టి దాచిన దుప్పటి కనిపించింది. తీసి చూస్తే తడి, వాసన. తలుపు దగ్గర తన్మయి నిలబడి ఉంది, మొహం ఎర్రగా చేసుకుని.

"ఆంటీ, నాన్నకి చెప్పకండి. ప్లీజ్. ఇంట్లో నాకెప్పుడూ అవ్వదు. నిజంగా."

"చెప్పన్లే తల్లీ. చలికి అలా అవుతుంటుంది" అంది చాముండేశ్వరి. గొంతులో జాలి ఒలికింది. మెషిన్ ఆన్ చేస్తుంటే పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి. ఖండాంతర కీర్తిగల విదుషీమణి పక్క తడుపుతోంది! గీతిక మూడేళ్ళకే మానేసింది ఆ పని. రోజంతా ఆ ముక్క పటికబెల్లంలా నోట్లో చప్పరించుకుంటూ తిరిగింది.

అప్పట్నుంచి పిల్లని వదల్లేదు. ఇంకేం లోపాలున్నాయో చూడాలి కదా. గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగడం చూసింది, పెంపకం లేదు అనుకుంది. సాంబారన్నం రెండుసార్లు పెట్టించుకుని తినడం చూసింది, తిండిపోతు అనుకుంది. కచేరీకి కుట్టించిన పట్టుపావడా నడుం దగ్గర జారిపోతుంటే రామ్మోహన్ రెండు పిన్నీసులు పెట్టడం చూసింది. "జూన్‌లో కుట్టించామండీ, అప్పుడు సరిగ్గా ఉంది. టూర్‌లో తిండి పడక చిక్కింది" అన్నాడాయన. అంత తినే పిల్ల ఎలా చిక్కుతుందని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దగ్గరికి వస్తే పిల్ల నోటినుంచి బాగా మాగిపోయిన పండు వాసన వేసింది, పళ్ళు తోముకోదు కాబోలు అనుకుంది చాముండేశ్వరి.

సాయంత్రం గీతిక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని స్కూల్ అసైన్‌మెంట్ చేస్తోంది. పాతకాలంలో యూరప్‌లో ఊరూరా తిరిగి కచేరీలు చేసిన చిన్నపిల్లల గురించి.

"లిజన్ టు దిస్, తన్మయి," అంది. "దే వర్ లైక్ యు! ఏడేళ్ళు, పదేళ్ళు. గుర్రబ్బండీలో నెలల తరబడి టూర్. ఊరికొక జ్వరం. టైఫాయిడ్, స్మాల్‌పాక్స్. ఒకమ్మాయి అయితే ఆల్‌మోస్ట్ చచ్చిపోయింది, పక్కూళ్ళో కాన్సర్ట్‌కి టికెట్లు అమ్మేశారట ఆల్రెడీ. ఫాదర్స్ ఇంటికి లెటర్స్ రాసేవాళ్ళు, కొంచెం చిక్కింది, బట్ ఎవ్రీబడీ క్లాప్డ్ అని. హౌ సిక్ ఈజ్ దట్?"

రామ్మోహన్ నవ్వాడు. "పాపం, వాళ్ళకి గుర్రబ్బండ్లమ్మా. మనకి విమానాలున్నాయి, టీకాలున్నాయి, మీ అమ్మగారిలాంటి వాళ్ళున్నారు" అని ఫ్లాస్కు మూత తీసి కూతురికి అందించాడు. తన్మయి రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగుతూ గీతిక వైపు, ఆ ల్యాప్‌టాప్ వైపు, గోడకి తగిలించిన స్కూల్ ఫొటోల వైపు చూసింది. ఆ చూపు చాముండేశ్వరికి నచ్చలేదు.

శనివారం పొద్దున మళ్ళీ దుప్పటి తడిసింది. పదింటికి పిల్ల ఒకసారి వాంతి చేసుకుంది. మధ్యాహ్నం సోఫాలో ముడుచుకుని పడుకుని లేవలేదు. "స్టేజ్ టెన్షన్" అన్నాడు రామ్మోహన్, యాభై కచేరీలు చేసిన పిల్ల గురించి. ఐదింటికి కచేరీ. గీతిక అప్పటికే లంగా ఓణీ కట్టుకుని, జడ వేయించుకుని, మెట్ల మీద కూర్చుని ప్రార్థనగీతం కూనిరాగం తీస్తోంది.

చాముండేశ్వరి గడియారం చూసింది. పాడలేకపోవచ్చు. ఏమో, నిజంగానే పాడలేకపోవచ్చు! ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, బట్టల తీగ కింద నిలబడి, వీణకి ఫోన్ చేసింది. వీణ బ్లాక్‌టౌన్‌లో డాక్టరు, పదేళ్ళ స్నేహితురాలు. ఆమె కూతురు కూడా గీతిక క్లాసులోనే పాట నేర్చుకుంటోంది కాబట్టి ఈ కడుపుమంట అర్థమయ్యే మనిషి. డాక్టరని కాదు చేసింది, నవ్వుకోవడానికి చేసింది.

"వీణా, ఒకటి చెప్తా, నువ్వెవరికీ చెప్పనని ఒట్టెయ్యి. మన ప్రాడిజీ ఉంది చూశావూ, పక్క తడుపుతోందే! రెండు రోజుల్నుంచి నేనే ఉతుకుతున్నా. పదేళ్ళ గాడిద!"

వీణ నవ్వింది. "ఛీ, పాపం! ఈ చలికి ఎవరైనా తడుపుతారులే."

"చలి కాదు, చెరువు తాగినట్టు తాగుతుంది నీళ్ళు. బకాసురుడిలా తింటుంది, చూస్తే పుల్ల. ఇవాళ వాంతి కూడానూ. ఇక సాయంత్రం..."

"ఆగు" అంది వీణ. నవ్వు లేదు. "ఎన్నాళ్ళ నుంచి తాగుతోంది?"

"టూవూంబా నుంచి అని వాళ్ళ నాన్న..."

"చిక్కిందా? నోరు వాసన వస్తోందా, మాగిన పండు లాగా? ఊపిరి గట్టిగా తీస్తోందా?"

చాముండేశ్వరి ఇంటివైపు తిరిగి చూసింది. పండు వాసన సంగతి తను చెప్పలేదు.

"చాముండీ, మీ ఆయన షుగర్ మెషిన్ ఇంట్లో ఉంది కదా. ఆ పిల్ల చేతులు సబ్బుతో కడుగు, తేనె ఉంటే తప్పు చూపిస్తుంది. వేలు పొడిచి చూసి నాకు చెప్పు. ఇప్పుడే."

"షుగరా? అంత చిన్నపిల్లకా?"

"చిన్నపిల్లలకీ వచ్చే రకం వేరే ఉందే తల్లీ. పరిగెత్తు!"

పరిగెత్తింది. అడగలేదు, చెప్పలేదు, పిల్లని సోఫాలోంచి లేవదీసి సింక్ దగ్గర చేతులు కడిగి, భానుప్రసాద్ మెషిన్ తెచ్చి వేలు పొడిచింది. "అయ్యో, ఏంటండీ ఇది?" అంటూ రామ్మోహన్ లేచి వచ్చాడు. మెషిన్ ఐదు సెకన్లు ఆలోచించి అంకె చూపించింది. 31.2.

రామ్మోహన్ తొంగి చూశాడు. మొహంలో నెత్తురు లేదు. "ముప్పై ఒకటా? అమ్మో, షుగర్ పడిపోయింది! మా అమ్మకి అరవైకి దిగితేనే స్పృహ తప్పింది. అందుకే ఇలా నీరసపడిపోయింది నా తల్లి!" అంటూ ఫ్లాస్కు లాగి, మూత తీసి, ఒక చేత్తో పిల్ల తల ఎత్తి నోటికి పెట్టాడు. రెండో చేత్తో సీసాలోంచి పటికబెల్లం ముక్కలు తీస్తున్నాడు.

ఇండియాలో షుగర్ వందల్లో చూస్తారు. నూట ఇరవై, రెండొందలు అని. ఇక్కడి మెషిన్ల లెక్క వేరు, ఆరు, ఏడు, ఎనిమిది. పదేళ్ళుగా భర్త వేలు పొడిచి చూస్తున్న చాముండేశ్వరికి అది తెలుసు. భానుప్రసాద్‌కి పన్నెండు వస్తేనే ఇంట్లో స్వీట్లన్నీ దాచేస్తుంది. ముప్పై ఒకటి ఆమె ఎప్పుడూ చూడలేదు.

నోటితో చెప్పే టైం లేదు. ఫ్లాస్కుని చేత్తో ఒక్క తోపు తోసింది. అది నేలమీద పడి దొర్లింది, తేనె నీళ్ళు కార్పెట్ మీదంతా పాకాయి. పిల్ల నోట్లో పెట్టబోతున్న పటికబెల్లం ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ఏంటండీ ఇది!" రామ్మోహన్ అరిచాడు. అంత మెత్తటి మనిషి అరిచేసరికి ఇల్లు అదిరింది. "షుగర్ డౌనై పిల్ల పడిపోతుంటే నోటి దగ్గరిది లాక్కుంటారా? నాకు తెలీదనుకుంటున్నారా? వచ్చిన రోజు నుంచి చూస్తున్నా మీ మొహం! మీ అమ్మాయికి స్టేజ్ దొరకలేదని మీ ఏడుపు. నా కూతురు పడిపోతే మీ కూతురు ఎక్కుతుంది, అంతేగా!"

మెట్ల మీద గీతిక లేచి నిలబడింది. పక్కగదిలోంచి భానుప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు.

చాముండేశ్వరి వెనక్కి తగ్గలేదు. ఉన్నమాటే కదా అన్నాడు, దాచడానికేముంది?

"అవునండీ, ఏడుస్తున్నా! గురువారం నుంచి మీ పిల్లని చూసి కుళ్ళి కుళ్ళి చస్తున్నా. నేను ఏడిస్తే ఏడ్చాను, ఆ మెషిన్ ఏడవట్లేదు కదా! ముప్పై ఒకటంటే డౌన్ కాదు, మీ లెక్కలో ఐదొందల పైన! ఏవండీ, మీ వేలిటివ్వండి!"

భానుప్రసాద్‌కి ఏం అర్థమైందో ఏమో, వేలు చాపాడు. పొడిచింది. 9.4.

"చూశారా? ఈయనకి తొమ్మిది. మీ లెక్క ప్రకారం తొమ్మిదైతే మనిషి పోయుండాలి. పోయాడా? పొద్దున్నే నాలుగిడ్లీలు తిని నిలబడ్డాడు చూడండి!"

రామ్మోహన్ ఆ అంకె చూశాడు, భానుప్రసాద్‌ని చూశాడు, సోఫాలో కళ్ళు మూసుకుని రొప్పుతున్న కూతుర్ని చూశాడు. అయినా కాళ్ళు కదల్లేదు. నాలుగొందలమంది హాల్లో కూర్చోబోతున్నారు, ఈ ఆడమనిషి ఏడుస్తున్నానని తన నోటితోనే ఒప్పుకుంది. నమ్మాలా వద్దా అన్నది ఆయన కళ్ళల్లో కనిపిస్తోంది.

అప్పుడు చాముండేశ్వరి నోటినుంచి ఆ మాట వచ్చింది.

"గీతిక పాడదు. ఇవాళ మా గీతిక స్టేజ్ ఎక్కదు, ప్రేయర్ కూడా పాడదు. సరేనా? ఇక లేవండి, ఆస్పత్రికి వెళ్దాం!"

గీతిక తల్లి వైపు చూసింది. అంతలోనే మెట్లు దిగి వచ్చి, తన్మయి చెప్పులు వెతికి తొడగసాగింది.

కారులో వెనక సీట్లో చాముండేశ్వరి ఒళ్ళో తన్మయి, పక్కన లంగా ఓణీలో గీతిక. పిల్ల తల ఎంత తేలిగ్గా ఉందో! కారు కదులుతూనే వీణకి ఫోన్‌లో అంకె చెప్పింది. మోటార్‌వే ఎక్కగానే శివప్రసాద్ ఫోన్, కారు స్పీకర్లో మోగింది.

"అక్కా, ఎక్కడున్నారు? తన్మయికి హెల్త్ బాలేదని ఇప్పుడే వీణక్క చెప్పింది. నో వర్రీస్, గీతికని పంపించండి! ఫుల్ కాన్సర్ట్ తనదే! మృదంగం, వయొలిన్ రెడీగా ఉన్నారు, హాలు ఫుల్లు!"

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట. కారులో అందరూ విన్నారు. ముందు సీట్లో రామ్మోహన్ వెనక్కి తిరగలేదు గానీ ఆయన మెడ బిగుసుకుంది. హాలు దారిలోనే ఉంది, గీతికని దింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చాముండేశ్వరి ఆ ఐదు నిమిషాలు లెక్కపెట్టుకుంది. ఒళ్ళో పిల్ల ఊపిరి ఎగబీలుస్తోంది.

"ఎవరూ రారు శివా. నువ్వే పాడుకో" అంది. భానుప్రసాద్ ఫోన్ కట్టేశాడు.

వీణ ముందే ఫోన్ చేసి ఉంచడంతో పిల్లల ఆస్పత్రిలో గుమ్మంలోనే తీసుకున్నారు. సెలైను, ఇన్సులిను, తీగలు, గంట గంటకీ రక్తపరీక్ష. డాక్టరమ్మ బయటికొచ్చి నిదానంగా చెప్పింది. ఈ రకం షుగర్ తిండివల్ల వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు, కానీ ఇకమీదట రోజూ ఇన్సులిన్ ఉండాలి. ఈ సాయంత్రం పాడించి ఉంటే స్పృహ తప్పేది, ఆ తర్వాత ఏమయ్యేదో తను చెప్పలేదు. ఎవరి తప్పూ కాదన్నా రామ్మోహన్ కుర్చీలో కూర్చుని, పెర్త్ తేనె, మెల్‌బోర్న్ తేనె అని వేళ్ళు మడుస్తూ ఏడ్చాడు. చాముండేశ్వరికి తన అతిమధురం కషాయం గుర్తొచ్చి గోడకి ఆనుకుంది.

"నేను తండ్రిని అక్కయ్యగారూ. రోజంతా పక్కనే ఉన్నా. నాకు కనపడలేదు, మీకెలా కనపడింది?" అన్నాడాయన చేతులు జోడించి.

ఏం చెప్తుంది? మీరు చప్పట్లు వింటూ కూర్చున్నారు, నేను తప్పులు వెతుకుతూ కూర్చున్నాను అని చెప్తుందా? మీ పిల్ల నన్ను బతిమాలి చెప్పొద్దన్న మాటని నేను నవ్వుకోవడానికి పెరట్లో నిలబడి చెప్పేశాను, అందుకే బతికింది అని చెప్తుందా? జోడించిన ఆ చేతులు కిందికి దింపి, కాఫీ తెస్తానని లేచి వెళ్ళిపోయింది. కాఫీ మెషిన్ దగ్గర నిలబడి ముక్కు చీదుకుంది.

రెండు రోజులు ఏ మంటా లేదు ఆమెకి. కుళ్ళు ఎటుపోయిందో తెలీదు. వండింది, ఆస్పత్రికి తిరిగింది, గీతికతో సరిగ్గా మాట్లాడలేకపోయింది. గీతిక మాత్రం, "ఇట్స్ ఓకే, మమ్" అని ఒకసారి అంది. అది ఓకే కాదని ఇద్దరికీ తెలుసు.

సోమవారం పదకొండింటికి రామ్మోహన్ స్నానానికి ఇంటికి వెళ్ళాడు. వార్డులో చాముండేశ్వరి ఒక్కతే ఉంది. తన్మయి దిండుకి ఆనుకుని కూర్చుంది. బుగ్గల్లోకి రంగు వచ్చింది. చేతికి సూది, ప్లాస్టరు. కాసేపు కిటికీలోంచి చూసి, మెల్లగా అడిగింది.

"ఆంటీ, శనివారం గీతికక్క పాడిందా?"

"లేదమ్మా."

"అస్సలు పాడలేదా? ప్రేయర్ కూడా?"

"లేదు తల్లీ. ఎవరూ పాడలేదు."

"హమ్మయ్య!" అంది తన్మయి.

పిల్ల దుప్పటి అంచు మెలితిప్పుతూ చెప్పుకుపోయింది. "నేను పడుకుంటే అక్క పాడేస్తుందని భయమేసింది ఆంటీ. అక్కకి రూముంది, స్కూలుంది, రోజూ అమ్మ జడేస్తుంది. స్టేజ్ కూడా అక్కకే ఇచ్చేస్తే ఎలా? అందుకే కడుపులో బాగా నొప్పొచ్చినా నాన్నకి చెప్పలేదు."

చాముండేశ్వరికి ముందు గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత, అరికాలి నుంచి మెల్లమెల్లగా, ఒళ్ళు మండుకొచ్చింది. ఎంత పొగరు! నా కూతురు పాడకూడదని కోరుకుందా ఇది? సూది గుచ్చించుకుని మంచమ్మీద పడి ఉండి కూడా?

"ఓసి దొంగమొహమా! లేచి తిరుగు ముందు. వచ్చే ఏడు ఇక్కడికే రా. మా గీతిక నీకంటే బాగా పాడకపోతే నన్నడుగు" అంది పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని.

తన్మయి ఆమెని పైకీ కిందికీ చూసి, "చూద్దాంలే ఆంటీ" అని కళ్ళు మూసుకుని, కల్యాణిలో ఒక్క చిన్న సంగతి, గొంతు పైకి రానీయకుండా, ఎక్కడా తడబడకుండా పాడుకుంది.

చాముండేశ్వరికి ఆపాదమస్తకం అసూయ పుట్టింది. హమ్మయ్య, అనుకుంది.